మరపు పరీక్ష

ఉదయం ఎనిమిది గంటలకు ఆమె ఫోనులో అలారం మోగింది. ఆమె దాన్ని ఆపింది. మాత్ర వేసుకోలేదు.

మేము అప్పుడు తిరువళ్ళూరు స్టేషన్‌లో, చెన్నై వెళ్ళే లోకల్ బండి కోసం సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నాము. ఆ మాత్ర రోజూ ఉదయం ఎనిమిదికి ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి వేసుకోవాలి. వేళ తప్పకూడదు. ఆసుపత్రిలో పరీక్షకు నెత్తురు ఇచ్చే రోజు మాత్రం, నెత్తురు తీశాకే ఉదయం మాత్ర. అందుకని ఆమె డబ్బీని ఒడిలో పెట్టుకుని, మూత తీయకుండా, పట్టాల మీద పడుతున్న ఎండను చూస్తూ కూర్చుంది. మాస్కు మీద కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి.

"ఆకలిగా ఉండాదా పాపా?" అని అడిగాను.

"ఆకలి కాదు మామా. ఏదో మరిచిపోయి వచ్చేసినట్టు ఉండాది."

ఆమె నా భార్య. మా అక్క కూతురు. మా వైపు అక్క కూతుర్ని చేసుకోవడం ఉంది. నన్ను మామా అని పిలవడానికి ఆమెకు పెళ్ళి అవసరం రాలేదు, పుట్టినప్పటి నుంచీ నేను ఆమెకు మామనే. ఇంట్లో అందరూ ఆమెను పాప అన్నారు కాబట్టి నేనూ అన్నాను. పెళ్ళయ్యాక మార్చుకోవాలని ఇద్దరికీ తోచలేదు. నేను తిరువళ్ళూరులో బడిపిల్లలకు తెలుగు చెబుతాను. అక్క తిరుత్తణి దగ్గర పల్లెలో మల్లె, కనకాంబరం పండించి, గుడి కొండ కింది పూల అంగళ్ళకు వేస్తుంది. ఈ కథలో ఉన్నది మేము ముగ్గురమే. నాలుగోది పాప గుండె, అది మా వాళ్ళది కాదు.

పాప సొంత గుండె సాగిపోయి బలం తగ్గిపోయే జబ్బుతో పాడయింది. ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే. సొంతంలో పెళ్ళా? మా పెళ్ళి గురించి కాదు, ఆమెను కన్నవాళ్ళ గురించి. అక్క కూడా మేనత్త కొడుకునే చేసుకుంది. అవునని చెప్పి తల దించుకునేది. మూడు తరాలుగా మా ఇంట్లోకి బయటి వాళ్ళెవరూ రాలేదు. పెళ్ళి పందిట్లో రెండు వైపులా అవే ముఖాలు.

చివరికి చెన్నైలో గుండె మార్పిడి చేశారు. మెదడు పని ఆగిపోయిన మనిషి ఎవరిదో గుండె వచ్చింది. ఎవరిదని చెప్పలేదు, చెప్పరు. ఆపరేషన్ అయిన మర్నాడు గాజు తలుపు ఇవతల నిలబడి అక్క చాలాసేపు లోపలికి చూసింది.

"మనింటికి వచ్చిన మొదటి బయటి సంబంధం, తమ్ముడా," అంది. "మనోళ్ళకు బయటోళ్ళు ఎప్పుడు పడినారు? దీనితోనన్నా పడతాదో లేదో."

ఏడుపు ఆపుకోవడానికి అన్న మాట అనుకున్నాను. తర్వాత చూస్తే డాక్టర్ల భయం కూడా అదే. కొత్త గుండెను ఒళ్ళు తనది కాదని గుర్తుపట్టి దాని మీదికి వెళ్ళడం. పుస్తకాల్లో దానికి తిరస్కరణ అని రాస్తారు. ఇంట్లో మాకు ఆ మాట నోరు తిరగలేదు. మందు ఒంటికి పడలేదంటాం, అత్తాకోడళ్ళకు పడలేదంటాం. పాపకూ గుండెకూ పడుతోందా అన్నదే మేము ప్రతిసారీ తెలుసుకోవడానికి వెళ్ళేది.

మొదట్లో అది తెలుసుకోవడానికి మెడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి తీగను గుండె దాకా పంపి, లోపల చిన్న ముక్క గిల్లి తీసేవాళ్ళు. ఆ ముక్కను భూతద్దం కింద చూసేవాళ్ళు. పాప దానికి నొప్పి అని ఎప్పుడూ అనలేదు.

"ఇచ్చిన దాన్నే గిల్లి గిల్లి తీసుకుంటా ఉండారు మామా," అని నవ్వేది. "మళ్ళా తెచ్చి పెట్టరు గదా. ఎన్ని దినాలకు అయిపోతాదో."

ఆ నవ్వు వెనక భయం ఉందని నాకు తెలుసు. గిల్లిన ప్రతిసారీ మెడ మీద కట్టు చూపించి అక్కకు వీడియో కాల్ చేసి, "చూడుమా, దోమ కుట్టింది," అనేది. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేది కాదు.

కొన్ని నెలలు గడిచాక డాక్టరమ్మ కొత్త పరీక్ష ఒకటి చెప్పింది. మెడలోకి తీగ వెళ్ళే ముందు నెత్తురు పరీక్ష. అందులో ఒక అంకె వస్తుంది. అది చిన్నదైతే తీగ అక్కర్లేదు, ఇంటికి వెళ్ళవచ్చు. పెద్దదైతే తీగ వేసి చూడాలి. చూసి, లోపల గొడవ మొదలైందని తేలితే మందులు పెంచాలి. అప్పటికీ లొంగకపోతే ఆ గుండె కూడా పోతుంది. ఇంకొకటి దొరుకుతుందని ఎవరూ చెప్పలేరు.

ఆ మొదటి నెత్తురు పరీక్ష రోజు అక్క కూడా వచ్చింది. అక్క చిన్నప్పుడు తెలుగు బడిలో చదివింది. తమిళం నోటితో మా అందరికంటే బాగా మాట్లాడుతుంది, చదవడం మాత్రం అక్షరం తర్వాత అక్షరం కూడబలుక్కుని. గోడ మీద బోర్డు చదువుతూ కూర్చుంది. ఆ నెత్తురు పరీక్ష జన్యువులది, దాని పేరు బోర్డు మీద తమిళంలో ఉంది. తమిళంలో జన్యువును మరబణు అంటారు. మరబు అంటే వంశం, తరతరాలుగా వచ్చేది. తమిళంలో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం. అక్క దాన్ని ప అని చదివింది.

"మరపు పరీక్షా?" అని గట్టిగానే అంది. చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు. "పాప ఏం మరిచిందిరా? దానికి తల బాగానే ఉండాది గదా. ఇంట్లో మరిచేదంతా నేను. చేస్తే నాకు చెయ్యమను."

పాప నవ్వడం మొదలుపెట్టింది. చేతికి సూది గుచ్చుతున్న నర్సు ఆగి, ఏమైందని అడిగింది. నేను తమిళంలో చెప్పాను. తెలుగులో మరపు అంటే మర్చిపోవడమని చెప్పేసరికి ఆమె కూడా నవ్వి, "నల్లా ఇరుక్కే," అంది, బాగుందే అని. పాప చేయి కదలకుండా పట్టుకుని, "నవ్వితే నెత్తురు త్వరగా వస్తుంది, నవ్వమ్మా," అంది.

తర్వాత డాక్టరమ్మ సగం ఇంగ్లీషు కలిపిన తమిళంలో మాకు వివరంగా చెప్పింది. నెత్తురులోని తెల్ల కణాలు ఒంటికి కాపలా. ఏది మనది, ఏది మనది కాదు అని అవే చూసుకుంటాయి. వాటి లోపల జన్యువులు కొన్ని మేలుకుని పనిచేస్తుంటాయి, కొన్ని నిద్రపోతుంటాయి. కొత్త గుండెను పరాయిదని గుర్తుపట్టి కాపలా కదిలితే, కొన్ని జన్యువులు మేలుకుంటాయి. ఏవి మేలుకున్నాయి, ఏవి నిద్రలో ఉన్నాయి అని చూసి ఆ అంకె వేస్తారు. అంకె పెద్దదైనంత మాత్రాన చెడు జరిగినట్టు కాదు, వెళ్ళి చూడమని అర్థం.

నేను తెలుగులో మళ్ళీ చెప్పాను. అక్క అంతా విని, "అదే గదా నేనన్నాను. ఒళ్ళు మరిచిందా, మరవలేదా అని చూస్తారు," అంది.

డాక్టరమ్మకు ఆ మాట అనువదించి చెప్పాను. ఆమె కాస్త ఆలోచించి, అది అంత సరైన వివరణ కాదనీ, ఇంట్లో చెప్పుకోవడానికి మాత్రం చాలుననీ అంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో అది మరపు పరీక్ష.

నెత్తురు తీశాక ఫలితం రావడానికి కొన్ని రోజులు పట్టేది. దాన్ని వేరే ఊరి ల్యాబుకు విమానంలో పంపేవాళ్ళు. ఆ రోజులు ఎలా గడిచేవో ఇప్పుడు సరిగ్గా చెప్పలేను. అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. బడి నుంచి మధ్యాహ్నం దాటాక ఇంటికి వస్తే తలుపు దగ్గరగా వేసి ఉండేది, తాళం ఉండేది కాదు. పాప నేల మీద చాప వేసుకుని, కిటికీ వైపు తిరిగి పడుకుని ఉండేది. నిద్రపోతోందో మేలుకుని ఉందో తెలిసేది కాదు. వీధిలో ఎవరో తమిళంలో చీరలు అమ్ముతూ వెళ్ళేవాళ్ళు. ఫ్యాను తిరుగుతుంటే క్యాలెండరు కాగితం లేచి పడేది. నేను చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, ఆమె పక్కన గోడకు ఆనుకుని కూర్చునేవాణ్ణి. చాలాసేపటి తర్వాత ఆమె కళ్ళు తెరవకుండానే అడిగేది.

"ఇప్పుడు యాడుంటాది మామా?"

"ఏది?"

"నా నెత్తురు."

"యాడో ఫ్రిజ్‌లో పెట్టి ఉంటారు."

"చలేస్తా ఉంటాదేమో దానికి."

గోడ మీద ఎండ కొద్దిగా జరిగేది. మా ఇంటి మనిషిలో కొంత, మా ఇంటి కబురుతో సహా, ఎవరో తెలియని వాళ్ళ చేతుల్లో ఉందనే స్పృహ మా ఇద్దరికీ ఉండేది. అయినా ఆ మధ్యాహ్నాలు భయంగా ఉండేవి కావు. అంకె ఇంకా రాలేదు కాబట్టి ఏదీ జరగలేదు. అలా ఎన్నాళ్ళైనా ఉండవచ్చనిపించేది.

ఇరుగుపొరుగు వాళ్ళు పాపను ఒకటే అడిగేవాళ్ళు. గుండె మారింది గదా, ఇష్టాలు మారాయా? ముందు తిననిది ఏదైనా తినాలనిపిస్తోందా? కలలో ఎవరైనా కనిపిస్తున్నారా? పాప వాళ్ళను నిరాశపరిచేది.

"కాకరకాయ అప్పుడూ వద్దు, ఇప్పుడూ వద్దు అక్కా," అనేది.

ఒకసారి మాత్రం నాతో ఒక కల చెప్పింది. సన్నటి వాన పడుతోందట. దూరంగా ఒక ఇంట్లో దీపం వెలుగుతోందట. తను ఆ ఇంటి వైపు నడుస్తోందట, తొందర లేకుండా. ఎవరి ఇల్లో తెలియదు, అడగాలని కూడా అనిపించలేదట. చెప్పి, నేను ఏదో అనబోతుంటే ఆపింది.

"ఇది నా కలే మామా. వాళ్ళది కాదు. నేనే కన్నాను."

గుండె గురించి రాస్తుంటే ఇలాంటి చోట పోలికలు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. ఆమె తన కల తనదే అంది. నేను దానికి ఏమీ చేర్చను.

ఫలితం వచ్చిన సాయంత్రం తిరుత్తణి నుంచి అక్క ఫోన్ చేసేది. ఎట్లుండావని అడిగేది కాదు.

"మరిచిందా?"

"మరిచిందిమా."

"ఎంతొచ్చింది?"

"తక్కువే వచ్చింది."

"తక్కువొస్తే సంతోషమా! ఇదేం పరీక్షే. మీ మామ బడిలో ఇట్లా మార్కులేస్తే పిల్లకాయలంతా ఫస్టే గదా."

ఆ రాత్రి పాప రెండు ముద్దలు ఎక్కువ తినేది. నేను నా గదిలోకి వెళ్ళి పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడేవి. అంతకు ముందు రోజుల్లో తెరిచిన పుస్తకాలు ఏవో నాకు గుర్తులేదు.

అక్కకు ఒక మొక్కు ఉండేది. పాప బతికి ఇంటికి వస్తే, కొండంతా జనంతో నిండే ఆడి కృత్తిక పండగ రోజు తిరుత్తణి కొండ మీది సామికి పూల కావడి మోయిస్తానని. డాక్టరమ్మ వినగానే కాదంది. ఒంటి కాపలాను మందులతో నిద్రపుచ్చి ఉంచారు, ఆ జనంలోకి వెళ్ళకూడదు. మట్టి ముట్టకూడదు, పచ్చి పూలు దగ్గర పెట్టుకోకూడదు, ప్రసాదం తినకూడదు. పూలు పండించే అక్క కూతురి ఇంటికి వచ్చేటప్పుడు ఒట్టి చేతులతో వచ్చేది. బయట పంపు దగ్గర గోళ్ళలోని మట్టి పోయేదాకా కడుక్కుని, కొంగు దులుపుకుని లోపలికి వచ్చేది. "నా బిడ్డింటికి నేను అంటు మనిషిని," అని నవ్వేది. అంతకు ముందు పాప తలను మల్లెపూలు లేకుండా ఆమె ఎప్పుడూ చూసి ఉండలేదు. కూర్చున్నంత సేపూ చేయి ఊరికే పాప జడ మీదికి వెళ్ళేది.

వరసగా కొన్నిసార్లు అంకె చిన్నదిగా వచ్చాక, జనం లేని రోజు, మాస్కు వేసుకుని, మెల్లగా వెళ్ళి రమ్మని డాక్టరమ్మ ఒప్పుకుంది. మంగళవారం కాదు, కృత్తిక కాదు, సెలవు కాదు. ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం మేము తిరువళ్ళూరులో బండెక్కాం. అరక్కోణం దాటాక పెట్టె దాదాపు ఖాళీ. పాప కిటికీ దగ్గర కూర్చుని చెరుకు తోటలు చూస్తూ వెళ్ళింది. తన పుట్టింటి దారి అది, చిన్నప్పటి నుంచీ వచ్చి పోతున్న దారి. అయినా కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

కొండకు పై దాకా దారి ఉంది, ఆటో వెళుతుంది. పాప మెట్లెక్కుతానంది. కొన్నే, అంది.

మార్చిన గుండెకు నరాలు తెగి ఉంటాయి. కాళ్ళు మెట్లెక్కుతున్నాయన్న కబురు దానికి నేరుగా అందదు. నెత్తురులో కలిసి మెల్లగా వెళ్ళాలి. అందుకని అది కాస్త ఆలస్యంగా తెలుసుకుంటుంది. తెలుసుకున్నాక, మనిషి కూర్చున్నా కాసేపు అది పరుగెడుతూనే ఉంటుంది. పాపకు ఇది అలవాటైపోయింది. కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడి, "నేను బెదిరినాను గానీ దానికింకా తెలీలే," అనేది.

పది మెట్లెక్కి ఆగింది.

"ఉండు మామా. దానికింకా తెలీలే."

మేము నిలబడ్డాం. గాలి వస్తోంది. పైనుంచి గుండు చేయించుకున్న ఒక కుటుంబం దిగి వెళ్ళింది, అందరి తలల మీదా పసుపు చందనం. మళ్ళీ కొన్ని మెట్లెక్కి, నీడ ఉన్న చోట కూర్చున్నాం. కింద ఊరు, ఇళ్ళ కప్పులు, రేణిగుంట వైపు వెళ్ళే పట్టాలు. ఒక బండి ఆ పట్టాల మీద చప్పుడు లేకుండా వెళుతోంది. మబ్బు కొండను తాకుతున్నంత దగ్గరగా ఉంది. పాప నా చేయి తీసుకుని తన మణికట్టు మీద పెట్టింది. నాడి వేగంగా కొట్టుకుంటోంది.

"చూడు," అంది. "మనం కూర్చున్నాం. అది ఇప్పుడెక్కుతా ఉండాది."

అది ఎక్కడం అయిపోయేదాకా మేము అక్కడే కూర్చున్నాం. ఎంతసేపో తెలియదు. ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ ముగిసినట్టు లేదు.

"ముందు వాళ్ళు ఎప్పుడైనా ఈ మెట్లెక్కినారో లేదో," అంది పాప.

"ఎవరు?"

"దీని వాళ్ళు."

"మరిచింది గదా పాపా, అంకె తక్కువే గదా."

"ఒళ్ళు మరిచింది మామా. నేను మరవలే. నేను మరిస్తే ఎట్లా? రోజూ రెండుసార్లు గుర్తు పెట్టుకుంటేనే గదా అది మరిచేది."

ఇంతలో పైనుంచి అక్క గొంతు వినిపించింది. ఆమె ముందే ఆటోలో పైకి వెళ్ళి, మేము రాకపోయేసరికి మెట్ల మీదుగా దిగి వస్తోంది.

"ఏమ్మే, సామిని చూసేదానికొచ్చినారా, నిద్రపోయేదానికొచ్చినారా?"

ఆమె భుజం మీద చిన్న కావడి ఉంది. నిండా పూలు. పాప మాస్కు సర్దుకుని భయంగా వెనక్కి జరిగింది.

"బెదరబాక. ప్లాస్టిక్‌వి," అంది అక్క. "మన అంగడికి ఎదురంగడిలో కొన్నాను. పూలమ్మేది ప్లాస్టిక్ పూలు కొంటా ఉండాదని ఆ అంగడామె పడీ పడీ నగింది. స్పిరిట్ పెట్టి తుడిచినాను, ఒక్కొక్క పువ్వునీ. సామికి తెలుసులే."

పాప నవ్వలేదు. లేచి, కావడిని తన భుజానికి మార్చుకుంది. ఎక్కిన మెట్లు దిగి, మిగతా దూరం ఆటోలోనే వెళ్ళాం, కావడి మాత్రం ఆమె ఒడిలో. గుడిలో దూరంగా నిలబడి దండం పెట్టుకుంది. పూజారి ఇచ్చిన విభూతిని నేను కాగితంలో కట్టుకున్నాను. ఎనిమిదికి ముందే ఇంటికి చేరాం, ఆమె వేళకు మాత్ర వేసుకుంది.

ఆ తర్వాత ఒకసారి అంకె పెరిగింది. అక్క అడిగినప్పుడు పాప, "కొంచెం గుర్తొచ్చినట్టు ఉండాదిమా," అంది. మళ్ళీ తీగ, మళ్ళీ ముక్క, మళ్ళీ మెడ మీద కట్టు. ఆ రోజుల్లో పాప చాప కిటికీ వైపు కాక గోడ వైపు ఉండేది. ముక్కలో ఏమీ లేదని తేలింది. గుండె బాగుంది.

అక్క ఆ రాత్రి ఫోన్‌లో, "ఊరికే గుర్తొచ్చి ఉంటాది. చుట్టాలన్నాక అప్పుడప్పుడు మొకం ముడుచుకోరా ఏమి?" అంది. పాప నవ్వుతూ ఫోన్ నా చేతికిచ్చింది. ఫోన్‌లో అక్క ఏడుస్తోంది.

అలా రెండు వానాకాలాలు గడిచాయి. మూడో ఐప్పసి నెలలో, ఆశ్వయుజం చివర, వాన గట్టిగా పట్టింది. పూండి జలాశయం గేట్లు తెరిచారని, తామరైపాక్కం దగ్గర ఆనకట్ట పొర్లుతోందని బడిలో చెప్పుకున్నారు. ఆ వానలోనే వెళ్ళి నెత్తురు ఇచ్చి వచ్చాం. పాప తడవలేదు, గొడుగు, రెయిన్‌కోటు, అన్నీ ఉన్నాయి. ఒకటి రెండు రోజులకు ఒళ్ళు కొద్దిగా వెచ్చబడింది. కొద్దిగా మాత్రమే. మరొకరికైతే కషాయం కాచి ఇచ్చి పడుకోమనేంత జ్వరం. మాకు మాత్రం అలా ఊరుకోవద్దని ముందే చెప్పి ఉన్నారు, అందుకని వెంటనే కారు మాట్లాడుకుని చెన్నై వెళ్ళాం. దారి పొడుగునా వైపర్లు అటూ ఇటూ తిరుగుతుంటే పాప వాటినే చూసింది.

ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ పట్టుకుంది అన్నారు. మందులు మార్చారు. గుండె కోసం ఇచ్చే మందులు తగ్గించారు, పూర్తిగా ఆపడానికి లేదు. మొదట్లో ఆమె మాట్లాడింది. తర్వాత ముక్కుకూ నోటికీ ఆక్సిజన్ మూత పెట్టారు, మాట్లాడవద్దన్నారు.

అంకె అప్పుడు వచ్చింది. నా ఫోనుకు. నేను కాళ్ళకు తొడుగులు, ముఖానికి మాస్కు వేసుకుని లోపలికి వెళ్ళాను. పాప కళ్ళు తెరిచింది. నా చేతిలో ఫోను చూసింది. మూత లోపల పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు, అయినా ఆ మాట నాకు తెలుసు.

"మరిచింది పాపా," అన్నాను. "ఎప్పుడూ రానంత తక్కువొచ్చింది."

అది నిజమే. ఆమె కళ్ళు మూసుకుంది. నుదురు కాస్త సడలింది. చేయి తిప్పి మణికట్టు నా వైపు పెట్టింది, నేను పట్టుకున్నాను. చాలాసేపు పట్టుకున్నాను. బయట వాన పడుతూనే ఉంది, కిటికీలో అవతలి ఇళ్ళ దీపాలు నీళ్ళలోంచి చూసినట్టు కనబడ్డాయి.

మర్నాటి మధ్యాహ్నం ఆమె పోయింది. ఊపిరి తగ్గాక కూడా గుండె కాసేపు నడిచింది. దానికి కబురు ఆలస్యంగా అందుతుందని నాకు తెలుసు. అక్కడ ఉన్న వాళ్ళలో అది కొత్తగా అనిపించనిది నాకొక్కడికే అనుకుంటాను. నేను మణికట్టు వదలకుండా, అది తెలుసుకునేదాకా ఉన్నాను.

డాక్టరమ్మ నన్నూ అక్కనూ కూర్చోబెట్టి చెప్పింది. గుండెలో ఏ లోపమూ లేదు. గుండెను పరాయిదని గుర్తుపట్టకుండా ఒంటి కాపలాను నిద్రపుచ్చి ఉంచాం, ఆ కాపలాయే జ్వరాన్నీ ఎదుర్కోవాలి. ఎంత నిద్రపుచ్చాలన్నది ఎప్పుడూ కత్తి మీద నడకే. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను అక్కకు తెలుగులో చెప్పాల్సిన పని లేకపోయింది. అక్క తమిళంలోనే అంతా వింది. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అంది.

"గుండెను మరిచిపొమ్మన్నాం గానీ, అన్నీ మరిచిపొమ్మన్నామా తమ్ముడా?"

అక్క ఏమన్నదని డాక్టరమ్మ నన్ను అడిగింది. ఈసారి నేను అనువదించలేదు.

అది జరిగి ఏడాది కావస్తోంది. నేను బడికి వెళుతున్నాను. ఇంటికి వచ్చాక కిటికీ దగ్గర కూర్చుంటాను, ఎండ గోడ మీద జరుగుతుంది. ఆ గుండె తాలూకు వాళ్ళు ఎక్కడో ఉంటారు. అది రెండోసారి కూడా ఆగిపోయిందని వాళ్ళకు తెలియదు. తెలియకపోవడమే మంచిదని కొన్ని రోజులు అనిపిస్తుంది, కొన్ని రోజులు అనిపించదు.

అక్క ఇప్పుడు వచ్చేటప్పుడు పూలు తెస్తుంది. చేతులు కడుక్కోకుండా నేరుగా లోపలికి వచ్చి, తడి మల్లెలు పటానికి వేస్తుంది. ఆ పూల వాసన మా ఇంట్లో ఉండడం నాకింకా అలవాటు కాలేదు. ప్లాస్టిక్ పూల కావడి ఆమె ఇంట్లో అటక మీద ఉంది.

పాప ఫోను అక్క తీసుకెళ్ళింది. అందులో అలారం తీసేయడం ఆమెకు రాదు, నన్ను తీసేయమని అడగలేదు. ఉదయం ఎనిమిదికి ఆమె తోటలో పూలు కోస్తూ ఉంటుంది. కొంగున కట్టుకున్న ఫోను మల్లె సాళ్ళ మధ్య మోగుతుంది. కోత కూలికి వచ్చిన ఆడవాళ్ళు, "ఏమక్కా అది, రోజూ అట్టే కూస్తాది?" అంటే, "కూయనీలే," అంటుందట. కాసేపటికి అదే ఆగిపోతుందట.

రాత్రి ఎనిమిది దాటాక మాకు ఫోన్ చేసుకునే అలవాటు పోలేదు. తిన్నావా అంటుంది. వాన పడిందా అంటాను. మల్లె ధర చెబుతుంది, బడిలో పిల్లల సంగతి చెబుతాను. మరిచిందా అని మాత్రం మాలో ఎవరూ అడగడం లేదు.